పక్షిశాస్త్రవేత్త జెర్డాన్

హైదరాబాదు నగరంలో హైటెక్ సిటీ మేడల వరుస దాటి నైరుతి దిశగా సాగితే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు ఎదురవుతాయి. శీతకాలంలో వాటి మీద తెల్లని గల్ పక్షులు కనిపించడం కద్దు. సముద్రతీరాన తిరిగే పక్షులు ఇంత లోతట్టుకు వచ్చాయా అని చూపరులు ఆశ్చర్యపోతారు. వాటిలో ఒక జాతిని 1840లో శాస్త్రలోకానికి తొలిసారిగా పరిచయం చేసినవాడు థామస్ కావర్‌హిల్ జెర్డాన్. వృత్తిరీత్యా ఆయన వైద్యుడు. పక్షుల పరిశీలన ఆయన తీరిక వేళల వ్యాసంగం.

జెర్డాన్ 1811 అక్టోబరు 12వ తేదీన ఇంగ్లండులోని డర్హాం ప్రాంతంలో జన్మించాడు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యంతోపాటు ప్రకృతిశాస్త్రాన్నీ అభ్యసించాడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో సహాయ శస్త్రవైద్యుడిగా చేరి, 1836 ఫిబ్రవరిలో మద్రాసులో అడుగుపెట్టాడు. మొదటి మజిలీ గంజాం. అక్కడ సైనికులు జ్వరాలతో, రక్తవిరేచనాలతో బాధపడుతుండేవారు. వారికి చికిత్స చేస్తూనే ఆయన తూర్పు కనుమల పక్షులను సేకరించాడు. 1837లో అశ్వికదళ వైద్యుడిగా బదిలీ అయి, నాటి నిజాం రాజ్యంలోని జాల్నాలో సుమారు నాలుగేళ్లు గడిపాడు.

పక్షులను సేకరించడం ఒక ఎత్తు, అవి ఏ జాతివో నిర్ణయించడం మరొక ఎత్తు. జెర్డాన్ మొదట తన నమూనాలను స్కాట్లండులోని ప్రసిద్ధ పండితుడు విలియం జార్డిన్‌కు పంపాడు. దీర్ఘమైన ఓడ ప్రయాణం ముగిసి అవి ఆయన ఇల్లు చేరేసరికి చిమ్మటలు పట్టి పాడైపోయాయి. ఎంతో శ్రమ వృథా అయింది. నాటి నుండి జెర్డాన్ ఇతరుల తీర్పుకై వేచి ఉండక తన కంటినే నమ్ముకున్నాడు. ఇది సాహసమే. ఒక పక్షికి తప్పు పేరు పెడితే ఆ తప్పు తరువాతి గ్రంథాలన్నింటికీ పాకుతుంది. 1839-40లో మద్రాసు సాహిత్య, విజ్ఞాన పత్రికలో ఆయన ప్రకటించిన పట్టికలో 420 జాతులున్నాయి. అంతకు ముందు కర్నల్ సైక్స్ ఇచ్చిన జాబితాకు అది దాదాపు రెట్టింపు.

ఆ కాలంలోనే భారతదేశపు పడమటి తీరపు పక్షుల ఆధారంగా ఆయన గోధుమతల గల్‌ను వర్ణించాడు. దానిని పోలిన నల్లతల గల్‌కు స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్ 1766లోనే పేరు పెట్టి ఉన్నాడు. ఈ రెండింటినీ వేరుచేయడం సులభం కాదు. నల్లతల గల్ తల కూడా నిజానికి నలుపు కాదు, ముదురు గోధుమ రంగే! పేర్లు పెట్టినవారు చూసేవారికి మేలు చేయలేదనే చెప్పాలి. పైగా పేరులో ఉన్న ఆ తలరంగు మన దేశంలో ఎక్కువకాలం కనబడదు. గోధుమతల గల్ మధ్య ఆసియాలోని ఎత్తైన పీఠభూముల సరస్సుల వద్ద గుడ్లు పెడుతుంది. ఆ ఋతువు సమీపించినప్పుడే తలకు రంగు వస్తుంది. శీతకాలంలో రెండు జాతుల తలలూ తెల్లబడి, కంటి వెనుక ఒక నల్లని మచ్చ మిగులుతుంది. అప్పుడు రెక్క కొనను చూడాలి. గోధుమతల గల్‌కు వెడల్పైన నల్లని కొన, అందులో తెల్లని మచ్చలు ఉంటాయి. నల్లతల గల్‌కు రెక్క ముందంచు వెంట తెల్లని పట్టీ ఉండి, నలుపు ఈకల చివరలకే పరిమితమవుతుంది. ఎదిగిన గోధుమతల గల్ కన్ను లేతరంగులో ఉంటుంది. ఏడాదైనా నిండని పిల్ల పక్షికి రెక్క కొనలోని తెల్లమచ్చలూ ఉండవు, కన్నూ లేతరంగు కాదు. ఎండ మిలమిలలాడే నీటిపై ఎగిరే అటువంటి పక్షి అనుభవజ్ఞులను సైతం తికమక పెడుతుంది. జెర్డాన్ కాలంలో పక్షిని కాల్చి, చేతబట్టుకొని ఈకలు పరీక్షించేవారు. నేడు దూరం నుండి దుర్భిణిలో చూసే వారికి ఆ వెసులుబాటు లేదు, పక్షికి ఆ ప్రాణాపాయమూ లేదు.

తరువాత జెర్డాన్ నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేశాడు. అక్కడి యానాదులతో కలసి మెలసి, జంతువుల, పక్షుల తెలుగు పేర్లను అడిగి తెలుసుకున్నాడు. అడవి తెలిసినవారి మాటకు ఆయన ఇచ్చిన విలువ నాటి దొరలలో అరుదు. ఆంధ్రదేశపు అరుదైన కలివికోడి కూడా ఆయన ద్వారానే 1848లో శాస్త్రానికి తెలిసింది. 1900 తరువాత కనుమరుగైన ఆ పక్షి 1986లో కడప జిల్లాలో మరల దొరికింది.

1862-64లో వెలువడిన ఆయన భారతదేశ పక్షుల గ్రంథంలో 1000కి పైగా జాతుల వర్ణన ఉంది. అనేక పక్షులకు తెలుగు పేర్లు కూడా అందులో చేర్చాడు. 1870లో స్వదేశానికి తిరిగివెళ్లి, 1872 జూన్ 12న లండనులోని అప్పర్ నార్వుడ్‌లో మరణించాడు.

గోధుమతల గల్‌ను ఇటీవలి దశాబ్దాలలో శాస్త్రజ్ఞులు లారస్ ప్రజాతి నుండి క్రోయికోసెఫాలస్ ప్రజాతికి మార్చారు. బ్రునిసెఫాలస్ అనే జాతి నామం మాత్రం మారలేదు. ప్రజాతి మారినందువల్ల నియమానుసారం దాని ప్రక్కన జెర్డాన్ పేరును, 1840 సంవత్సరాన్ని కుండలీకరణాలలో వ్రాస్తున్నారు.