రాబర్ట్ బ్రూస్

మొదటి రాబర్ట్ లేదా రాబర్ట్ బ్రూస్ (జూలై 11, 1274 - జూన్ 7, 1329) 1306 నుండి మరణించేవరకు స్కాట్లాండును పాలించిన రాజు. యుద్ధంలో ఓడి గుహలో దాక్కున్నపుడు, పట్టు వదలని సాలెపురుగును చూసి ధైర్యం తెచ్చుకున్న రాజుగా ఇతడు బడిపిల్లలకు పరిచితుడు. ఆ కథకు సమకాలీన ఆధారాలు లేవు. ఇతని కాలంలో వెలువడిన ఆర్బ్రోత్ ప్రకటన మాత్రం చారిత్రక సత్యం.

రాజ్యప్రాప్తి

స్కాట్లాండు సింహాసనం కోసం తగవు ఏర్పడినపుడు ఇంగ్లాండు రాజు మొదటి ఎడ్వర్డు మధ్యవర్తిగా వ్యవహరించి, 1292లో జాన్ బేలియల్‌ను రాజుగా నిర్ణయించాడు. 1296లో తానే దండెత్తి ఆ రాజ్యాన్ని ఆక్రమించాడు. బ్రూస్ మొదటి నుండి దేశభక్తుడేమీ కాదు. కొంతకాలం తిరుగుబాటుదారులతోను, మరికొంత కాలం ఎడ్వర్డుతోను ఉన్నాడు. 1306 ఫిబ్రవరి 10న డంఫ్రీస్‌లోని ఒక చర్చిలో ఇతడు, ఇతని అనుచరులు కలిసి ప్రత్యర్థి జాన్ కమిన్‌ను చంపారు. మార్చి 25న స్కోన్‌లో బ్రూస్ పట్టాభిషిక్తుడయ్యాడు. ఆ ఏడాదే ఓడిపోయి అజ్ఞాతంలోకి వెళ్ళాడు. ఇతని ముగ్గురు తమ్ములను ఇంగ్లీషువారు పట్టుకొని చంపారు. తిరిగి బలం కూడగట్టుకొని 1314 జూన్ 23, 24 తేదీలలో బానక్‌బర్న్ వద్ద రెండవ ఎడ్వర్డు సైన్యాన్ని ఓడించాడు.

ఆర్బ్రోత్ ప్రకటన

యుద్ధంలో గెలిచినా రాజుగా గుర్తింపు లభించలేదు. పోప్ 22వ జాన్ ఇతడిని మతం నుండి వెలివేశాడు. అందుకు సమాధానంగా దాదాపు 40 మంది స్కాటిష్ ప్రభువుల పేర్లతో ఒక లాటిన్ లేఖ పోప్‌కు పంపబడింది. దాని తేదీ 1320 ఏప్రిల్ 6. స్కాట్లాండు ప్రాచీన స్వతంత్ర రాజ్యమని, బ్రూస్ ప్రజల సమ్మతితోనే రాజైనాడని అందులో వాదించారు. రాజ్యాన్ని ఇంగ్లాండుకు అప్పగించదలిస్తే అతడినే తొలగించి వేరొకరిని రాజుగా చేసుకుంటామనడం ఆ కాలానికి అసాధారణమైన మాట. అయితే ఇది సామాన్య ప్రజల హక్కుల పత్రం కాదు, ప్రభువుల లేఖ. పైగా, దానిలో పేర్లున్న కొందరే అదే సంవత్సరం బ్రూస్‌పై కుట్ర పన్ని దొరికిపోయారు.

చివరి సంవత్సరాలు

1328లో ఇంగ్లాండు స్కాట్లాండు స్వాతంత్ర్యాన్ని ఒప్పందం ద్వారా అంగీకరించింది. మరుసటి ఏడాది బ్రూస్ కన్నుమూశాడు. స్కాట్లాండు రాజులకు తైలాభిషేకం జరిపేందుకు పోప్ ఇచ్చిన అనుమతిపత్రం తేదీ జూన్ 13, అంటే ఇతడు మరణించిన ఆరు రోజుల తరువాత. ఇతని శరీరాన్ని డన్‌ఫర్మ్‌లిన్‌లో, గుండెను మెల్‌రోజ్ మఠంలో ఖననం చేశారు.

ప్రకటన ప్రభావం

అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు ఇదే మాదిరి అని 1998లో అమెరికా సెనేట్ ఒక తీర్మానంలో పేర్కొని, ఏప్రిల్ 6ను టార్టాన్ దినంగా గుర్తించింది. ఈ సంబంధాన్ని చాలామంది చరిత్రకారులు అంగీకరించరు. పోప్‌కు పంపిన అసలు లేఖ లభించలేదు. స్కాట్లాండులో ఉంచుకున్న ప్రతి, శిథిలమైన ముద్రలతో, ఎడింబరోలోని జాతీయ దస్తావేజుల భాండాగారం అధీనంలో ఉంది.