తెగులుని గురువనుకున్న మనిషి

మొన్న సెలవుల్లో ఇంటికెళ్తే, డాబా మీద అమ్మమ్మ పోసిన టమాటా నారు మొదట్లో కుళ్ళి వాలిపోయి ఉంది. నారుకుళ్ళు తెగులట. ఏదైనా మందు కొట్టేద్దామన్నాను. అమ్మమ్మేమో ముందు మట్టి సంగతి చూడమంది. తర్వాత చదివితే తెలిసింది, ఆ ఒక్క మాట మీదే ఒకాయన జీవితమంతా గడిపేశారని. ఆయనే ఆల్బర్ట్ హోవార్డ్.

1873లో ఇంగ్లండ్‌లో రైతు కుటుంబంలో పుట్టారు. కేంబ్రిడ్జ్‌లో చదివి, వెస్టిండీస్‌లో చెరకు తెగుళ్ళ మీద పనిచేశారు. అక్కడ ల్యాబ్‌లో కూర్చుని సలహాలివ్వడమే పని. అవి పనిచేస్తాయో లేదో చూసుకోవడానికి సొంతంగా పొలం లేదు. మనం కోడ్ రాసి, ఒక్కసారి కూడా రన్ చేయకుండా ఇచ్చేసినట్టన్నమాట. ఆ వెలితి ఆయన్ని వదల్లేదు.

1905లో బీహార్‌లోని పూసాకి వచ్చాక దాదాపు 75 ఎకరాలు చేతికొచ్చింది. చుట్టుపక్కల రైతులు ఏ మందులూ లేకుండానే మంచి పంటలు తీస్తున్నారు. నేర్పడానికొచ్చిన ఆఫీసర్ వాళ్ళ దగ్గరే నేర్చుకున్నారు. తెగుళ్ళనీ పురుగులనీ కూడా గురువులే అనుకున్నారు. తెగులు ఎర్రర్ మెసేజ్ లాంటిది. మెసేజ్ చెరిపేస్తే బగ్ పోదు కదా, మట్టిలో వెతకాలి.

భార్య గాబ్రియెల్ కూడా వృక్షశాస్త్రవేత్తే. 1924 నుంచి ఇద్దరూ ఇండోర్‌లో పనిచేశారు. అక్కడే యశ్వంత్ వాడ్‌తో కలిసి ఇండోర్ కంపోస్టు పద్ధతి తయారుచేశారు. పంట చెత్త, పేడ, పశువుల మూత్రం ఇంకిన మట్టి, బూడిద పొరలుగా వేసి, తడి ఆరకుండా చూస్తూ, గాలాడేలా తిరగేస్తుంటే సుమారు మూడు నెలల్లో ఎరువు రెడీ. 1930లో గాబ్రియెల్ చనిపోయారు. మరుసటి ఏడాది వాడ్‌తో కలిసి ఈ పద్ధతిపై పుస్తకం తెచ్చి, హోవార్డ్ ఇంగ్లండ్ వెళ్ళిపోయారు. 1947లో పోయేవరకూ కంపోస్టు గురించే రాశారు, వాదించారు.

మట్టి బాగుంటే అసలు తెగుళ్ళే రావన్నంత దూరం వెళ్ళారాయన. అది ఎక్కువే. కానీ మూలం తప్పు కాదు. బాగా మాగిన కంపోస్టులోని ట్రైకోడెర్మా లాంటి మంచి శిలీంధ్రాలు, నారుకుళ్ళు తెచ్చే పిథియంకి తిండీ చోటూ దొరక్కుండా చేస్తాయని తర్వాతి పరిశోధనలు చూపించాయి. అన్ని తెగుళ్ళకీ ఇది పనిచేయదు. సగం కుళ్ళిన ఎరువు వేస్తే తెగులుకే మేత పెట్టినట్టు.

ఈసారి మాగిన కంపోస్టు కలిపి నారు పోశాం, నీళ్ళూ తగ్గించాం. నారు నిలబడింది. రెండూ ఒకేసారి మార్చాం కాబట్టి ఏది పనిచేసిందో చెప్పలేను. మళ్ళీ ఒక్కోటీ విడివిడిగా చూద్దామంటే, బతికిన నారుతో ప్రయోగాలేంటని అమ్మమ్మ కుండీల దగ్గరికే రానివ్వట్లేదు.