కొబ్బరి దీవి బడిపంతులు – బిషప్ జాన్ రిచర్డ్‌సన్

ఏటా ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. అది గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు పుట్టిన రోజు. గిడుగు వారి పేరు చెప్పగానే వాడుక భాష గుర్తుకు వస్తుంది. ఆయన చేసిన మరో గొప్ప పని కూడా ఉంది. పర్లాకిమిడి దగ్గర కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు రాసి, సొంత డబ్బు ఖర్చు పెట్టి సవర పిల్లలకు బడి నడిపారు. ఊరికి దూరంగా, డబ్బుకు దూరంగా ఉన్న పిల్లల దగ్గరికి వారి మాటతోనే చదువును తీసుకుపోవాలని ఆయన నమ్మారు.

దాదాపు అదే రోజుల్లో మన దీవుల్లోనూ ఒకరు అలాంటి పనికే జీవితం ఇచ్చారు. ఆయన బిషప్ జాన్ రిచర్డ్‌సన్. కార్ నికోబార్‌లో ఆయన పేరు తెలియని ఇల్లు ఉండదు. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రికి ఆయన పేరే పెట్టారు. మనలో తెలుగు కుటుంబాల నుంచి వచ్చిన చాలామందికి మాత్రం ఆయన కథ అంతగా తెలియదు. అందుకే ఈ ఏడాది మన పత్రిక తెలుగు విభాగంలో ఆయన జీవితాన్ని చెప్పాలని అనుకున్నాం.

మూస్ గ్రామం

అండమాన్ దీవులకూ నికోబార్ దీవులకూ మధ్య టెన్ డిగ్రీ ఛానెల్ ఉంది. ఆ కాలువ దాటి వెళితే మొదట వచ్చే పెద్ద దీవి కార్ నికోబార్. మన శ్రీ విజయపురం, అంటే నిన్నటి పోర్ట్ బ్లెయిర్, నుంచి దాదాపు 270 కిలోమీటర్లు. కొండలు లేని చదునైన నేల, చుట్టూ పగడపు దిబ్బలు, ఎటు చూసినా కొబ్బరి చెట్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవిలో ఉన్నది 17,841 మంది. అంటే ఆంధ్రలో ఒక పెద్ద పల్లె జనాభా అంత. వంద, నూట ఇరవై ఏళ్ల కిందట అంతకంటే చాలా తక్కువ.

ఆ దీవి ఉత్తరపు కొసన ఉన్న మూస్ గ్రామంలో, 19వ శతాబ్దం చివరి పాదంలో రిచర్డ్‌సన్ పుట్టారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు హా చెవ్ కా. రిచర్డ్‌సన్ అన్న పేరు తర్వాత వచ్చింది.

ఆ పిల్లవాడు పెరిగిన లోకం ఎలాంటిదో కొంచెం తెలుసుకోవాలి. నికోబారీలు తుహెత్ అనే పెద్ద ఉమ్మడి కుటుంబంగా బతుకుతారు. తోటలు, పందులు, పడవలు అన్నీ తుహెత్‌వే, ఏ ఒక్కరి సొంతమూ కావు. ఇల్లు కట్టాలన్నా, హోడి పడవ చెక్కాలన్నా అందరూ తలో చెయ్యీ వేస్తారు. ఊరి పెద్దను కెప్టెన్ అంటారు. మొగలి జాతికి చెందిన పాండనస్ పండు గుజ్జు, కొబ్బరి, చేపలు తిండి. బియ్యం, గుడ్డ, కత్తులు ఓడల్లో వచ్చేవి. వాటికి బదులుగా వీరు కొబ్బరికాయలు ఇచ్చేవారు. వస్తువు ధర కూడా కొబ్బరికాయల లెక్కలోనే చెప్పుకునేవారు.

అలాంటి చోట బడి ఎందుకు? ఎవరు పెట్టాలి? ఖర్చు ఎవరు భరించాలి?

సాల్మన్ గారి బడి

నికోబార్‌లో బడి పెట్టాలన్న ప్రయత్నం తేలిగ్గా సాగలేదు. 1768లో నాన్‌కౌరీ దగ్గర స్థిరపడిన మొరావియన్ బోధకులు జ్వరాలతో ఒకరి తర్వాత ఒకరు చనిపోగా 1787లో వెనక్కి వెళ్ళిపోయారు. 1869లో బ్రిటిష్ ప్రభుత్వం ఈ దీవులను తన అధీనంలోకి తీసుకుంది. నాన్‌కౌరీ దగ్గర పెట్టిన ఖైదీల శిబిరాన్ని కూడా 1888లో ఎత్తివేసింది.

ఆ తర్వాత 1890లలో వేదప్పన్ సాల్మన్ అనే తమిళ ఉపదేశకుడు కార్ నికోబార్ వచ్చి మూస్‌లో నిలిచారు. ఆయన ప్రభుత్వ ఏజెంటు కూడా. వచ్చీపోయే వ్యాపార ఓడల సంగతి చూసుకునేవారు. ఆ పనితో పాటు పిల్లలను కూర్చోబెట్టి చదువు చెప్పేవారు. ఒకే మనిషి ఉద్యోగి, ఉపాధ్యాయుడు, బోధకుడు కావడం వల్లనే ఆ చిన్న బడి బతికింది. వేరుగా ఒక ఉపాధ్యాయుణ్ణి పెట్టి జీతం ఇచ్చే స్థితి ఆనాడు లేదు.

ఆ బడికి వచ్చిన పిల్లల్లో హా చెవ్ కా ఒకడు. చురుకైనవాడు కావడంతో పై చదువుకు బర్మా పంపించారు. అప్పట్లో కార్ నికోబార్ మిషన్ రంగూన్ డయోసిస్ కిందికి వచ్చేది. అందుకే ఓడ కలకత్తా వైపు కాకుండా బర్మా వైపు సాగింది. కొబ్బరి చెట్ల మధ్య పెరిగిన కుర్రవాడు సముద్రం దాటి, ఐరావతి నది ఒడ్డున ఉన్న మాండలే పట్టణంలో మిషన్ బడిలో చేరాడు. చుట్టూ ఉన్నవారి భాష వేరు, తిండి వేరు. ఇంటి కబురు ఓడ వస్తేనే తెలిసేది. మన విద్యాలయం హాస్టళ్లలో ఉండి చదివే మిత్రులకు ఆ ఒంటరితనం ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

సాల్మన్ గారు 1909లో మరణించారు. బడి దిక్కులేనిదయ్యే ప్రమాదం వచ్చింది.

తిరిగి వచ్చిన పంతులు

మాండలేలో ఇంగ్లీషు చదువుకున్న యువకుడికి బర్మాలోనే మంచి కొలువు దొరికేది. రిచర్డ్‌సన్ 1912లో మూస్‌కు తిరిగి వచ్చి అదే బడిలో ఉపాధ్యాయుడుగా చేరారు. నికోబారీ పిల్లలకు నికోబారీ పంతులు దొరికాడు. ఇది చిన్న మార్పు కాదు. అంతవరకూ చదువు అంటే బయటివారు పడవలో తెచ్చే వస్తువు. ఇప్పుడది తమ తుహెత్ బిడ్డ నోట, తమ మాటలో వినబడింది.

ఆ మాటకు రాత కావాలి. కార్ నికోబారీ భాషను రోమన్ అక్షరాల్లో రాసే పద్ధతి ఆ కాలంలోనే కుదురుకుంటోంది. జార్జ్ వైట్‌హెడ్ అనే మిషనరీ తయారుచేసిన కార్ నికోబారీ నిఘంటువు 1925లో రంగూన్‌లో అచ్చయింది. రిచర్డ్‌సన్ జీవితమంతా ఆ భాషకు అక్షరాలు దిద్దుతూనే ఉన్నారు. బైబిల్ కొత్త నిబంధనను తన భాషలోకి అనువదించారు. మతం సంగతి ఎలా ఉన్నా, భాషకు ఇది పెద్ద మేలు చేసింది. నోటి మాటగా మాత్రమే ఉన్న భాష పుస్తకంగా చేతికి వచ్చింది. ఉత్తరం రాయడానికి, లెక్క రాసుకోవడానికి, పేరు రాసి సంతకం పెట్టడానికి అక్షరం దొరికింది. ఓడ వ్యాపారితో కొబ్బరి లెక్క చూసుకునే కుటుంబానికి ఈ చదువు ఎంత అవసరమో ఊహించుకోవచ్చు. లెక్క రాని చోట మోసపోవడం తేలిక.

బడికి అసలు నిధి

బడి అనగానే ఈనాడు మనం గదులు, ప్రయోగశాల, గ్రంథాలయం, ఆట సామాను లెక్కపెడతాం. మన విద్యాలయానికి డబ్బు కేంద్ర ప్రభుత్వం నుంచి వస్తుంది. సామాను ఓడ మీద వస్తుంది. వాతావరణం బాగాలేక ఓడ ఆగితే పుస్తకాల పెట్టె కూడా ఆగుతుంది. మన సీనియర్లకు ఇది అనుభవమే.

రిచర్డ్‌సన్ కాలంలో మూస్ బడి మిషన్ పంపే చిన్న మొత్తాల మీద, ప్రభుత్వం చేసే కొద్దిపాటి సాయం మీద నడవాలి. తల్లిదండ్రుల దగ్గర ఫీజు అడిగే వీలే లేదు. ఆస్తి అంతా తుహెత్‌ది అయినప్పుడు ఏ తండ్రి చేతిలో విడిగా డబ్బు ఉంటుంది? పైగా ఒక పిల్లవాడు బడికి వస్తే కాయలు దించి, ఒలిచి, కొబ్బరి ఎండబెట్టే పనిలో ఒక జత చేతులు తగ్గినట్లే. అదే ఆ కుటుంబం బడికి కట్టిన అసలైన రుసుము. ఆ రుసుము కట్టడానికి తుహెత్ పెద్దలు ఒప్పుకోవాలంటే పంతులు మీద నమ్మకం ఉండాలి. ఊరి విందుల్లో, చావుల్లో, తగవుల్లో తమతో కూర్చునే మనిషి కాబట్టి రిచర్డ్‌సన్‌ను నమ్మారు. మా ఉద్దేశంలో మూస్ బడికి అన్నిటికంటే పెద్ద నిధి అదే.

బంతి వెనుక పిల్లలు

పిల్లలను బడికి రప్పించడంలో ఆటకూ పాటకూ మంచి చోటు దొరికింది. కార్ నికోబార్‌కు ఫుట్‌బాల్‌ను తెచ్చింది రిచర్డ్‌సన్ గారేనని అక్కడివారు చెప్పుకుంటారు. హోడి పందాలు, కర్రసాము, కుస్తీ వారికి ముందే ఉన్నాయి. బంతి వచ్చాక ఊరికో జట్టు తయారైంది. ఇవాళ కార్ నికోబార్‌లో ఫుట్‌బాల్ మైదానం లేని గ్రామాన్ని వెతకడం కష్టం. అంతర్ పాఠశాల పోటీల్లో నికోబార్ జట్టుతో తలపడిన మన ఆటగాళ్లకు వారి కాళ్లలో ఉన్న వేగం బాగా తెలుసు.

ఆ దీవి బిడ్డలు ఇప్పుడు మైదానం దాటి సైకిల్ ట్రాక్ మీద కూడా దేశానికి పేరు తెచ్చారు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ నుంచి బయటపడిన దెబోరా హెరాల్డ్ భారత సైక్లింగ్‌లో ముందు వరుసకు చేరారు. ఎసో ఆల్బెన్ 2018లో ప్రపంచ జూనియర్ ట్రాక్ సైక్లింగ్ పోటీల్లో వెండి పతకం గెలిచారు. పెద్ద నగరాల్లో ఉండే వసతులు లేకపోయినా పిల్లల్లో సత్తా ఉంటుందని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

చీకటి రోజులు

1942 మార్చిలో జపాన్ సైన్యం అండమాన్‌లో దిగింది. నికోబార్ కూడా వారి చేతికి చిక్కింది. కార్ నికోబార్‌లో విమానాల కోసం రన్‌వే వేయడానికి దీవివాసుల చేత బలవంతంగా పని చేయించారు. తోటలు నరికారు, తిండి గుంజుకున్నారు. 1945లో ఓటమి దగ్గర పడుతున్నకొద్దీ అనుమానం పెరిగింది. శత్రువులకు సంకేతాలు పంపుతున్నారన్న నేరం మోపి ఎందరినో హింసించి చంపారు. చదువుకున్నవారి మీద, ఇంగ్లీషు వచ్చినవారి మీద అనుమానం మరీ ఎక్కువ. రిచర్డ్‌సన్ గారి కుటుంబమూ బలైంది. ఆయన కుమారుడు ఆ హింసలో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆయన కూడా చావు అంచు దాకా వెళ్లారు. జపాన్ లొంగిపోవడంతో బతికి బయటపడ్డారు.

ముప్పై ఏళ్లకు పైగా చేసిన పని ఒక్కసారిగా కూలిపోయినట్లు కనిపించి ఉండాలి. కొడుకు లేడు. తాను చదువు చెప్పిన పిల్లల్లో కొందరు లేరు. ఆ వయసులో, ఆ దుఃఖంతో ఆయన దీవిని వదిలిపోయినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆయన వదల్లేదు. మళ్లీ ఊళ్లు తిరిగారు, మళ్లీ పిల్లలను కూర్చోబెట్టారు.

మూస్ నుంచి పార్లమెంటుకు

1950లో ఆయన బిషప్ అయ్యారు. నికోబారీల్లో ఆ పదవి అందుకున్న మొదటివారు ఆయనే. 1952లో మొదటి లోక్‌సభ ఏర్పడినప్పుడు అండమాన్ నికోబార్ దీవుల తరఫున రాష్ట్రపతి ఆయనను సభ్యుడిగా నియమించారు. ఆ రోజుల్లో ఇక్కడ లోక్‌సభ ఎన్నికలు లేవు. మొదటి ఎన్నిక జరిగింది 1967లో. అంటే మన దీవుల మాట ఢిల్లీలో వినిపించిన తొలి లోక్‌సభ సభ్యుడు ఒక పల్లె బడిపంతులు.

స్వాతంత్ర్యం వచ్చాక, పంచవర్ష ప్రణాళికల కాలంలో నికోబార్ దీవుల్లో ప్రభుత్వ బడులు ఒక్కొక్కటిగా వెలిశాయి. 1956లో ఆదిమ తెగల రక్షణ కోసం ప్రత్యేక నిబంధన వచ్చింది. బయటివారు నికోబారీల భూమి కొనకుండా, అనుమతి లేకుండా దీవుల్లో అడుగు పెట్టకుండా అది కాపాడింది. ఇప్పుడు మన దీవుల బడుల్లో హిందీ, ఇంగ్లీషు, బెంగాలీ, తమిళం, తెలుగుతో పాటు చిన్న తరగతుల్లో నికోబారీ కూడా వినబడుతుంది. నికోబారీకి ఆ చోటు దొరకడం వెనుక మూస్ బడి పునాది ఉంది.

భారత ప్రభుత్వం ఆయనకు 1965లో పద్మశ్రీ, 1975లో పద్మభూషణ్ ఇచ్చి గౌరవించింది. 1978 జూన్ 3న ఆయన కన్నుమూశారు.

మనం నేర్చుకోవలసింది

2004 సునామీలో కార్ నికోబార్ తీరంలోని ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. బడులూ పోయాయి. ప్రజలు లోపలి గట్టు మీదికి జరిగి, రేకుల షెడ్లలో తలదాచుకుని, మళ్లీ ఊళ్లు కట్టుకున్నారు. ఆ షెడ్లలో పిల్లల చదువు కూడా మళ్లీ మొదలైంది. గోడలు పోయినా బడి పోలేదు. బడిని తమది అనుకునే జనం ఉన్నచోట ఇలాగే జరుగుతుంది.

మన విద్యాలయానికి ఇంకా కావలసినవి చాలా ఉన్నాయి. ప్రయోగశాలలో సామాను కావాలి, గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలు ఇంకా కావాలి, పోటీలకు వెళ్లడానికి ఓడ టిక్కెట్టు ఖర్చు కావాలి. వాటిని అడగడం మన హక్కు. రిచర్డ్‌సన్ గారు కూడా దీవుల కోసం ఢిల్లీ దాకా వెళ్లారు. కానీ ఢిల్లీ నుంచి సాయం వచ్చేదాకా ఆయన పాఠం ఆపలేదు.

మేము మిత్రులను కోరేది రెండే. మొదటిది, సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు మన వీధిలో బడి మానేసిన పిల్లలు ఎవరైనా ఉంటే వారిని పలకరించి రోజుకో గంట చదివిద్దాం. రెండోది, మన తరగతుల్లో నికోబారీ స్నేహితులు ఉన్నారు. వారి భాషలో కనీసం పది మాటలు నేర్చుకుందాం, మన భాషలో పది మాటలు వారికి నేర్పుదాం. ఈ రెండింటికీ ఏ నిధులూ అక్కర్లేదు. వచ్చే ఏడాది పత్రికలో ఆ ఇరవై మాటలతో ఒక పేజీ వేయాలని మా తెలుగు విభాగం నిర్ణయించుకుంది.