మాట వద్దన్నాడు, పాట కట్టాడు

1927లో అమెరికాలో సినిమాకు మాటలు వచ్చాయి. రెండు మూడేళ్లలో మూకీలు మూలపడ్డాయి. తారలంతా టాకీల బాట పట్టినా చార్లీ చాప్లిన్ మాత్రం ససేమిరా అన్నాడు.

గొంతును నమ్ముకుంటే ఏమవుతుందో ఆయన చిన్నప్పుడే చూశాడు. 1889 ఏప్రిల్ 16న పుట్టిన చాప్లిన్ లండన్ పేదల పేటల్లో పెరిగాడు. తల్లి హన్నా నాటకశాలల్లో పాడి బతికేది. ఒక రాత్రి రంగస్థలం మీదే ఆమె గొంతు పోయింది. జనం గేలిచేశారు. అయిదేళ్ల చార్లీని ముందుకు తోస్తే పాటపాడి, జనం విసిరిన డబ్బులు ఏరుకున్నాడని ఆయన ఆత్మకథలో ఉంది. తర్వాత కొన్నాళ్లకు ఆ కుటుంబం బీదల శరణాలయం పాలయింది.

1914లో వదులు లాగు, ఇరుకు కోటు, చేతికర్రతో తెరకెక్కిన ఆయన దేశదిమ్మరి ఒక్క మాటయినా లేకుండా దేశదేశాల వారిని నవ్వించాడు. వాడు ఇంగ్లీషు మాట్లాడితే ఆ భాష రానివారికి పరాయివాడవుతాడని చాప్లిన్ భయం.

అందుకే 1931లో 'సిటీ లైట్స్'ను సొంత డబ్బుతో, మాటలు లేకుండానే తీసి విడుదల చేశాడు. కారు తలుపు చప్పుడు విని చూపులేని పూలమ్మాయి ఆ బికారిని ధనవంతుడనుకుంటుంది. ఈ ఘట్టం కుదిరేవరకు మళ్లీ మళ్లీ తీశాడు. చిత్రానికి సంగీతం కూడా తానే కట్టాడు. స్వరాలు రాయడం ఆయనకు రాదు. కూనిరాగం తీస్తే వేరొకరు రాసిపెట్టేవారు. నవ్వించే ఘట్టానికి నవ్వులాట బాణీ వద్దనేవాడు. అయితే పూలమ్మాయి బాణీ స్పెయిన్ సంగీతకారుడు హోసే పదీయాది. పేరు వేయనందుకు ఆయన కోర్టుకెక్కి గెలిచాడు.

1936 నాటి 'మోడరన్ టైమ్స్' పనిలో ఎదురు చెప్పాడని డేవిడ్ రాక్సిన్ అనే యువ సంగీతకారుణ్ణి తీసేసి, మళ్లీ పిలిపించుకున్నాడు. ఆ చిత్రంలోనే దేశదిమ్మరి మొదటిసారి గొంతు విప్పాడు. పాట రాసుకున్న చేతిపట్టీ ఎగిరిపోతే, అర్థంలేని మాటలతో అభినయిస్తూ పాడేశాడు. ఏ భాషవారికైనా కథ అర్థమయింది. ఆ వేషానికి చాప్లిన్ అక్కడితో స్వస్తి చెప్పాడు.

1940లో హిట్లర్‌ను ఎద్దేవా చేస్తూ తీసిన 'ది గ్రేట్ డిక్టేటర్'లో మాత్రం మాట్లాడక తప్పదనుకున్నాడు. చివర సుదీర్ఘ ప్రసంగమే చేశాడు.

పోటీలో ఆయనకు దక్కిన ఒకే ఒక్క ఆస్కార్ సంగీతానికే. 'లైమ్‌లైట్' చిత్రానికి మరో ఇద్దరితో కలిసి 1973లో అందుకున్నాడు. 1923లో తీసిన తన మూకీ చిత్రం 'ఎ ఉమన్ ఆఫ్ ప్యారిస్'కు 1976లో సంగీతం సమకూర్చాడు. మరుసటి ఏడాది డిసెంబర్ 25న స్విట్జర్లాండ్‌లో కన్నుమూశాడు.