కొండదారి రైళ్లకు కాపు: జార్జి వెస్టింగ్‌హౌస్

అమెరికాలో ఫిలడెల్ఫియా నుండి పిట్స్‌బర్గుకు పోవు పెన్సిల్వేనియా రైలుదారికి అల్లెఘనీ పర్వతాలు అడ్డుపడినవి. ఆల్టూనా పట్టణం దాటగానే దారి గుర్రపులాడం వలె వంపు తిరిగి కొండపైకి సాగుతుంది. 1854లో ఈ వంపు మీద రాకపోకలు మొదలైనవి. ఎక్కుట ఇంజనుకు పరీక్ష. దిగుట ప్రాణాలకు పరీక్ష. డ్రైవరు కూత వేయగానే బ్రేకు పనివారు ఒక్కొక్క పెట్టెకు చక్రం తిప్పి బ్రేకు బిగించవలసి ఉండేది. సరకుబండ్ల మీదనైతే వానలో, మంచులో పెట్టెల కప్పులపై నడుస్తూ ఈ పని చేసేవారు. జారిపడి చనిపోయినవారెందరో! ఇక వంపు చాటున నిలిచిన బండి వెనుక వచ్చే బండికి కనబడేది కాదు.

ఈ రెండు ఆపదలకూ ఉపాయం వెదకిన జార్జి వెస్టింగ్‌హౌస్ 1846 అక్టోబరు 6న న్యూయార్కు రాష్ట్రంలోని సెంట్రల్ బ్రిడ్జి గ్రామంలో జన్మించినాడు. తండ్రికి వ్యవసాయ యంత్రాల కార్ఖానా ఉండేది. అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షాన పనిచేసి వచ్చి కళాశాలలో చేరినాడు గాని, కొద్ది నెలలకే విడిచిపెట్టినాడు. దానివల్ల లోకానికి కలిగిన నష్టమేమీ లేదు.

ఒకనాడు రెండు బండ్లు ఢీకొనగా అతడు చూచినాడు. డ్రైవర్లు ముందుగానే ప్రమాదాన్ని గుర్తించినా బండ్లను ఆపలేకపోయినారు. ఆల్ప్స్ పర్వతాలలో మాంట్ సెనీ సొరంగం తొలిచే యంత్రాలను, దూరం నుండి గొట్టాలలో పంపిన సంపీడిత వాయువుతో నడుపుతున్నారని ఆ తరువాత ఒక పత్రికలో చదివినాడు. రాతిని తొలిచే గాలి చక్రాన్ని పట్టి ఆపలేదా? 1869లో గాలిబ్రేకుకు పేటెంటు పొందేనాటికి అతనికి ఇరువది మూడేండ్లు నిండలేదు.

మొదటి బ్రేకులో ఒక లోపమున్నది. గొట్టం తెగితే బ్రేకు పడదు. కొండమీద కొక్కెం ఊడిన పెట్టెలు వెనుకకు దొర్లిపోతే దిక్కులేదు. 1872లో అతడు ఈ పద్ధతిని తలక్రిందులు చేసినాడు. ప్రతి పెట్టెకు ఒక గాలితిత్తి అమర్చి, ప్రధాన గొట్టంలో ఒత్తిడి ఉన్నంతవరకు బ్రేకు విడిచి ఉండేటట్లు, ఒత్తిడి పోతే తానే పడేటట్లు చేసినాడు. అతని బుద్ధిబలమంతా ఈ ఒక్క మార్పులో ఉన్నది.

సరిగా అదే ఏడాది విలియం రాబిన్సన్ అనే ఇంజనీరు పట్టాలలోనే విద్యుత్తును ప్రసరింపజేసి, బండి వచ్చినదని సిగ్నలుకు తెలిపే ఉపాయం కనిపెట్టినాడు. బండి చక్రాలు రెండు పట్టాలను కలుపగానే విద్యుత్తు అటు మళ్లి, సిగ్నలు ప్రమాదస్థితికి వస్తుంది. బ్యాటరీ చచ్చినా, పట్టా విరిగినా అంతే. చెడిపోయినప్పుడు ఆపవలెనన్న నీతి ఇందులోనూ ఉన్నందువల్లనే కాబోలు, వెస్టింగ్‌హౌస్ దీని విలువ గ్రహించినాడు. 1881లో రాబిన్సన్ పేటెంట్లను మరొక సంస్థతో కలిపి యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్ కంపెనీని స్థాపించినాడు. కాపలాగదిలో మనిషి మీట లాగితే తీగల వెంట కదిలే పాత సిగ్నళ్లకు బదులు, విద్యుత్తు ఆజ్ఞాపింపగా గాలి కదల్చే సిగ్నళ్లు వచ్చినవి.

ఎడిసన్‌తో విద్యుత్తు విషయమై పోటీ, 1893 షికాగో ప్రదర్శన దీపాలు, నయాగరా జలవిద్యుత్తు లోకమెరిగినవే. 1907 ఆర్థిక సంక్షోభంలో తన విద్యుత్ కంపెనీపై అధికారం చేజారినది. 1914 మార్చి 12న మరణించినాడు.

మరుసటి ఏడాది పెన్సిల్వేనియా రైల్వే చేయివాల్చే సిగ్నళ్లకు మారుగా పసుపు దీపాల వరుసలను ఫిలడెల్ఫియా చెంత ప్రవేశపెట్టినది. నిలువు వరుస పొమ్మని, అడ్డు వరుస ఆగుమని, ఏటవాలు వరుస జాగ్రత్తపడుమని అర్థం. ఆ దీపాలు క్రమంగా అల్లెఘనీలకు ఎక్కి, ఆ రైల్వే 1968లో అంతరించిన తరువాతనూ వెలిగినవి. 1999లో ఈ దారి నార్ఫోక్ సదరన్ సంస్థ చేతికి వచ్చినది. 2010 తరువాతి సంవత్సరాలలో వాటిని తొలగించి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దీపాలను నిలిపినారు.