వీరనారి చాకలి ఐలమ్మ

చిట్యాల ఐలమ్మ 1895వ సంవత్సరమున ఓరుగల్లు సీమయందలి కృష్ణాపుర గ్రామమున రజక కుటుంబమునందు జన్మించెను. పాలకుర్తి వాస్తవ్యుడగు నరసింహయ్యను వివాహమాడెను. ఆ కాలమున రజకులు దొరల యిండ్ల వెట్టిచాకిరి చేయవలసియుండెడిది. ఐలమ్మ మల్లంపల్లి భూస్వామి యొద్ద భూమిని కౌలునకు గైకొని సేద్య మారంభించెను. చాకలి స్త్రీ స్వతంత్రముగా సేద్యము చేయుట విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డికి గంటగింపయ్యెను. ఆతడు పంటను హరింపదలచి మనుష్యులను బంపెను. ఆమె బెదరక, ఆంధ్రమహాసభ కార్యకర్తల యండతో పంటను గోయించి ధాన్యమును తన యింటికే చేర్చుకొనెను. న్యాయస్థానమునందును దేశముఖు వాదము నిలువలేదు. ఇల్లు దగ్ధమైనను ఆమె వెనుదీయలేదు.

1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన పిదప ఆ పోరాటజ్వాల యెల్లెడల వ్యాపించెను. 1948 ఆగస్టు 27వ తేదీన, నేడు మన సిద్దిపేట జిల్లాలోనున్న బైరాన్‌పల్లియందు పెక్కుమంది గ్రామస్థులు రజాకార్లచే హతులైరి.

ఐలమ్మ 1985 సెప్టెంబరు 10వ తేదీన పరమపదించెను. దొరలు చులకనగా బలికిన కులనామముతోడనే 2024లో హైదరాబాదు కోఠీయందలి మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరిడిరి. ఆ ద్వారమును మన బాలికలు దాటునట్లు వారి చదువునకు దోడ్పడవలసిన భారము సంఘపోషకులగు మీది.