క్షేత్రయ్య: నిత్యాభ్యాసము

కృష్ణాజిల్లాలో కూచిపూడికి చేరువనున్న మొవ్వ గ్రామము పదకర్త క్షేత్రయ్యకు జన్మస్థానమని ప్రతీతి. 17వ శతాబ్దివాడగు నాతడు మధుర, తంజావూరు, గోలకొండ ప్రభువుల యాదరమును బడసెను. ఎన్ని క్షేత్రములు తిరిగినను, తన యూరి మువ్వగోపాలుని ముద్రను మాత్రము విడువడయ్యెను.

ఆతడు నాలుగువేలకు పైగా పదములు రచించెనని చెప్పుదురు. నేడు దొరకునవి కొన్ని వందలు మాత్రమే. ఇంతటి రచన యొకనాటి యావేశమున సమకూరునది కాదనియు, నిత్యాభ్యాసఫలమే యనియు మేము తలంతుము. ప్రతిపదమును నిర్దుష్టముగా కుదురువరకు మరియొకదానిని చేపట్టకుండినచో, ఆ కొన్ని వందలును మనకు దక్కియుండవు కాబోలు.

ఆ పదములలోని శృంగారమును మెచ్చని సంస్కారప్రియులు మనలో గలరు. వారికిని ఈ యభ్యాసగుణము గ్రాహ్యమే. మనలో ననేకులు ప్రాతఃకాలపఠనమునో, దినచర్యాలేఖనమునో పూని, ఒకనాడు తప్పినంతనే వ్రతభంగమైనదని దానిని విడిచిపెట్టుచున్నాము. తప్పిన దినమునకై వగచుటకంటె మరునాడు మరల కూర్చుండుట మేలు. కావున సోదరులారా, కొరతపడినదియైనను మీ నియమమును రేపటి యుదయముననే మరల చేపట్టుడు.